మూడు సమాన భాగాలన్నారు నాన్న, ముగ్గురికీ మూడు లెక్కలొచ్చాయి

ఈ వారం ఉత్తరం నోటుబుక్కు కాగితాల మీద రాసి, ఫొటోలు తీసి పంపారు. మొత్తం నాలుగు పేజీలు. పేరు వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెప్తా.

ఆవిడకి నలభై ఆరేళ్ళు, తెనాలి చుట్టుపక్కల ఒక ఊరు, ప్రైవేట్ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తారు. నాన్నగారికి 78, జడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అమ్మగారికి ఆరేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, అప్పుడే ఈవిడ భర్తనీ కొడుకునీ తీసుకుని పుట్టింటి మేడ మీద పోర్షన్‌లోకి వచ్చేశారు, అప్పట్నుంచీ అమ్మ స్నానం, మందులు, ఫిజియోథెరపీ, రాత్రిళ్ళు లేవడం అన్నీ ఈవిడే. అన్నయ్య హైదరాబాద్‌లో చార్టర్డ్ అకౌంటెంట్. తమ్ముడు బెంగళూరులో ఎకనామిక్స్ చెప్తాడు. ఆస్తి అంటే తాతగారి నుంచి వచ్చిన 2 ఎకరాల 40 సెంట్ల మాగాణి, నాన్నగారు జీతంతో కట్టించిన ఇల్లు.

కనుమ నాడు భోజనాలయ్యాక నాన్నగారు పాత కేలండర్ కాగితం వెనక్కి తిప్పి 240 రాసి, కింద గీత గీసి, 3 పెట్టి, పక్కన 80 రాసి చుట్టూ సున్నా చుట్టారట. ఇంటిని కూడా అమ్మేసి మూడు చేసుకోండి, ఇందులో గొడవేముంది అన్నారట. అన్నయ్య లాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ చూపించాడు: 2003లో చెల్లి పెళ్ళి ఖర్చు 4 లక్షలు, 8 శాతం చక్రవడ్డీతో 22 ఏళ్ళకి 21 లక్షల 75 వేలు, అది ఆల్రెడీ ముట్టిన వాటా కాబట్టి మిగతాదాంట్లోంచి కొట్టెయ్యాలి, అప్పుడే సమానం. తమ్ముడేమో డబ్బు విలువ అందరికీ ఒకటి కాదు, అన్నయ్యకి ఇంకో పాతిక లక్షలొస్తే లైఫ్‌లో ఏం మారదు, అక్కకి మారుతుంది, అవసరాన్ని బట్టి పంచడమే సమానత్వం అన్నాడు, అని ఆ వెంటనే తన హోమ్ లోన్ సంగతి ఎత్తాడు. ఈవిడ నోరు తెరిచి ఆరేళ్ళుగా అమ్మకి డైపర్లు మార్చింది నేను అంటే, "నువ్వు ఊళ్ళో ఉన్నావు కాబట్టి కుదిరింది, మాకు కుదర్లేదు, అంతేగా" అన్నాడు అన్నయ్య. ఈవిడ లేచి వెళ్ళి అంట్లు తోముకున్నారు.

ఇప్పుడు అడిగేది ఇది: "నేను ఎక్కువ అడిగితే ఆశపోతు అంటారు, మూడో వంతు తీసుకుంటే నా ఆరేళ్ళకి లెక్క లేనట్టు. మాది చదువుకున్న కుటుంబం, అయినా సమానం అంటే ఏంటో తేల్చుకోలేకపోయాం. ఎవరిది కరెక్టు?"

చూడండమ్మా, ముందు ఒక మాట. మీ ఇంట్లో ఎవరి సబ్జెక్టులో వాళ్ళు తప్పు చెప్పలేదు. సమానం అనే మాట ఒకటే గానీ, ఒక్కో శాస్త్రం దాన్ని ఒక్కో పనికి వాడుకుంటుంది, మీరు నలుగురూ నాలుగు ప్రశ్నలకి జవాబులు చెప్పుకుంటూ ఒకే ప్రశ్న మీద కొట్టుకుంటున్నాం అనుకున్నారు. ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1979లో స్టాన్‌ఫోర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఎత్తిన ప్రశ్నే ఇది, సమానత్వం సరే, దేంట్లో? మీ తమ్ముడికి ఆ ఉపన్యాసం తెలిసే ఉంటుంది, కనుమ నాడు గుర్తు రాలేదు పాపం.

నాన్నగారి దగ్గర్నుంచి మొదలుపెడదాం. లెక్కల్లో వైశాల్యం సమానం వేరు, సర్వసమానం వేరు, ఇది ఆయనే మీకు తొమ్మిదో క్లాసులో చెప్పుంటారు. త్రిభుజానికి మధ్యగతం, అంటే ఒక మూల నుంచి ఎదుటి భుజం మధ్యకి గీత, గీస్తే రెండు ముక్కల వైశాల్యం ఒకటే, కానీ ఒకదాని మీద ఒకటి పెడితే చాలాసార్లు కలవవు. మీ పొలం కూడా అంతే. మీరే రాశారు, ఓ ముక్కకి డొంక రోడ్డు ఆనుకుని ఉంది, చివరి ముక్కకి కాలవ నీళ్ళు ఆఖర్న అందుతాయి అని. 80 సెంట్లు, 80 సెంట్లు, 80 సెంట్లు అని రాయడం కాగితం మీద సులువు, రోడ్డు పక్క 80కీ చివరి 80కీ రేటు ఒకటేనా? మా తాతగారింట్లో పంపకాలప్పుడు పెద్దోడు భాగాలు వెయ్యాలి, చిన్నోడు ముందు కోరుకోవాలి అని పెట్టారు. పెద్దోడు భాగాలు వేసే ముందు వారం రోజులు పొలం గట్ల మీద తిరిగాడు, ఎందుకంటే ఏ ముక్క తనకి మిగిలినా బాధపడకూడదు కదా. దీన్నే గణితంలో ఒకరు కోస్తే ఇంకొకరు ఎంచుకోవడం అంటారు, ఇద్దరికైతే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ముగ్గురికి వచ్చేసరికి చిక్కు పడుతుంది. పోలండ్ గణితవేత్తలు బనాక్, క్నాస్టర్, స్టెయిన్‌హాస్ 1940ల్లో బుర్ర పెట్టింది ఆ చిక్కు మీదే. వాళ్ళ పద్ధతి ఒకటి మీ ఇంటికి పనికొస్తుంది, కింద చెప్తా.

నాన్నగారి కాగితంలో ఇంకో పెద్ద లోటు ఉంది, అది కింద పెట్టిన ఆ 3. తనని తాను లెక్కలోంచి తీసేసుకున్నారు. ఆ మాగాణి నిజంగా ఉమ్మడి ఆస్తే, అంటే పిల్లలకి పుట్టుకతోనే వాటా ఉండేదే అయితే చట్టం ప్రకారం వాటాదారులు ముగ్గురు కాదు, నాన్నగారితో కలిపి నలుగురు, అంటే తలా 60 సెంట్లు. మీ హక్కు గురించి అనుమానం వద్దు, మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించింది, ఆనాటికి పెళ్ళికాని కూతుళ్ళకి కొడుకులతో సమాన వాటా, మీ పెళ్ళి 2003లో. తర్వాత 2005లో దేశం మొత్తానికీ వచ్చింది, పెళ్ళయిందా లేదా అన్న తేడా కూడా పోయింది. కానీ ఒక మెలిక ఉంది, తాతగారు 1956లో ఆ వారసత్వ చట్టం వచ్చిన తర్వాత వీలునామా లేకుండా పోయి, ఆ పొలం నాన్నగారికి వారసుడిగా వచ్చిందనుకోండి, అది నాన్నగారి సొంత ఆస్తి అయిపోయే అవకాశం ఎక్కువ, అప్పుడు పుట్టుకతో వచ్చే వాటా అనేదే ఉండదు, ఆయన ఇష్టం. తాతగారు ఎప్పుడు పోయారో, పంపకాలు ఎలా జరిగాయో మీరు రాయలేదు. ఇల్లు మాత్రం ఆయన జీతంతో కట్టింది కాబట్టి ఎవరికి రాసినా ఎవరూ అడగడానికి లేదు. వీలునామా రాయకపోతే ఆయన తర్వాత అమ్మగారికీ మీ ముగ్గురికీ నాలుగు సమాన భాగాలు. మీ ఉత్తరంలో ఎవరి లెక్కలోనూ అమ్మగారు వాటాదారుగా లేరు, గమనించారా? ఖర్చుగా ఉన్నారు, పనిగా ఉన్నారు, అంతే.

ఇక అన్నయ్యగారి ఎక్సెల్. పద్దులో జమా ఖర్చూ టాలీ అవ్వడం గొప్ప సంగతే, 1494లో వెనిస్‌లో ఇటలీ గణితవేత్త పచియోలి అచ్చు వేసిన జంట పద్దు పద్ధతి, అంటే ప్రతి లావాదేవీనీ రెండు చోట్ల రాయడం, ఇప్పటికీ నడుస్తోంది. కానీ మునిగిపోయే కంపెనీ బ్యాలెన్స్ షీట్ కూడా టాలీ అవుతుంది, అది ఆయనకి మీకంటే నాకంటే బాగా తెలుసు. టాలీ అయిందంటే రాసినవి సరిగ్గా రాశారని, రాయనివాటి గురించి అది నోరెత్తదు. మీ పెళ్ళి ఖర్చుకి 8 శాతం చక్రవడ్డీ కట్టారు, బానే ఉంది, మరి ఆయన సీఏ చదివినన్నేళ్ళు విజయవాడ హాస్టల్ ఖర్చుకి? తమ్ముడి ఢిల్లీ పీజీకి? అవి ఏ వరసలో ఉన్నాయి? చట్టం కూడా పెళ్ళి ఖర్చు పెట్టాం కాబట్టి కూతురి వాటా తగ్గించమని ఎక్కడా అనదు. ఇంకోటి, అందులో కట్నం కూడా కలిపారేమో చూడండి, ఎందుకంటే 1961 నుంచీ కట్నం ఇవ్వడమే నేరం, దాన్ని ఒక సీఏ ఎక్సెల్లో పెట్టి వడ్డీ వెయ్యడం చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఆ షీట్‌లో మీ ఆరేళ్ళకి కాలమ్ లేకపోవడం అన్నయ్య ఒక్కడి గుడ్డితనం కాదు లెండి. దేశం జీడీపీ లెక్కలోనే ఇంట్లో జీతం లేకుండా చేసే చాకిరీ రాదు. 2019లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి సగటున రోజుకి 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు పెట్టేది 97 అని తేలింది. నిమిషాలైతే లెక్కపెట్టారు, రూపాయల్లోకి మాత్రం ఎక్కలేదు.

తమ్ముడిది మంచి పాయింటే, ఉన్నవాడికి ఇంకో లక్ష అంటే చిల్లర, లేనివాడికి ఏడాది ఫీజు, ఎకనామిక్స్‌లో ఇది పాత పాఠం. చిక్కేంటంటే అవసరాన్ని కొలవడానికి త్రాసు లేదు, ఎవరి అవసరం వాళ్ళకి కొండంత కనిపిస్తుంది, అందుకే మీ గురించి మొదలుపెట్టి తన లోన్ దగ్గర తేలాడు. ఆయన మీ పక్షం అనుకుని దాని మీద ఆశ పెట్టుకోకండి.

మీరు మీ సబ్జెక్టు మాట ఒక్కటి కూడా ఎత్తలేదు, నాకు అదే ఆశ్చర్యం. సమతాస్థితి పాఠం చెప్పేటప్పుడు ప్రతి ఏడాదీ సగం క్లాసు ఒకే తప్పు రాస్తుందని మీరే రాశారు, రెండు వైపులా గాఢతలు సమానం అని. సమానమయ్యేవి వేగాలు, రసాయన చర్య ముందుకు వెళ్ళేదీ వెనక్కి వచ్చేదీ, పరిమాణాలు ఎంత తేడాలోనైనా ఉండొచ్చు. అమ్మోనియా సమీకరణం తుల్యం చేస్తే ఎడమ పక్క ఒక నైట్రోజన్, మూడు హైడ్రోజన్, మొత్తం నాలుగు అణువులు, కుడి పక్క రెండే, అయినా అది తుల్యమే, ఎందుకంటే మనం లెక్కపెట్టేది పరమాణువుల్ని. దేన్ని లెక్కపెడుతున్నాం అన్నది ముందు తేల్చుకోవడం మీ బోర్డు మీద రోజూ జరిగే పనే కదా, ఇంట్లో మాత్రం ఆ పని చెయ్యకుండా అంట్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

నా ఉద్దేశంలో మీ దగ్గర మూడు వేరు వేరు లెక్కలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఆస్తిలో హక్కు. రెండోది అమ్మని చూసుకునే పని. మూడోది అన్నయ్య అన్న ఆ మాట. మొదటిదాంట్లో ముగ్గురూ నిజంగానే సమానం, అక్కడ మీరు ఎక్కువ అడగడం నాకు సబబుగా అనిపించట్లేదు, తక్కువకి ఒప్పుకోవడం అసలే వద్దు. సమాన వాటా ఎవరికీ సరిగ్గా అతకదు, నిజమే. హార్మోనియం చూడండి, స్థాయిని, అంటే సా నుంచి పై సా దాకా, పన్నెండు సమాన భాగాలు చేస్తారు, దాంతో సా తప్ప ప్రతి స్వరం తంబూరా శృతికి వెంట్రుకవాసి పక్కకి పోతుంది, 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియోలో దాన్ని రానివ్వకపోవడానికి ఈ రకం అభ్యంతరాలు కూడా కారణమే, కానీ ఏ శృతిలో పాడేవాళ్ళకైనా అదే పెట్టె పనికొస్తుంది. మూడో వంతు కూడా అలాంటిదే, అందరికీ కాస్త అపస్వరం, కానీ రేపు మీ పిల్లలు కూర్చుని మళ్ళీ తవ్వక్కర్లేదు.

రెండో లెక్క, అంటే పని, దాన్ని సెంట్లలోకి మార్చొద్దు, రూపాయల్లో అడగండి, అదీ ఈ నెల నుంచి. మీ ఊళ్ళో పగలూ రాత్రీ ఉండే ఆయాకి నెలకి ఎంత, ఫిజియోథెరపీ అతను ఒకసారి వస్తే ఎంత, డైపర్లు ప్యాకెట్ ఎంత, ఇవి కనుక్కుని ఒక కాగితం మీద పెట్టి మూడు చెయ్యండి. అన్నయ్యకి అర్థమయ్యే భాష అదే. కానీ నిజాయితీగా చెయ్యాలంటే ఇంకో వరస కూడా రాయాలి, మీ ఉత్తరం మూడో పేజీలో ఒక్క ముక్కలో వచ్చి పోయింది, ఆరేళ్ళుగా మేడ మీద పోర్షన్‌కి అద్దె లేదు. అది మీరు రాయకపోతే అన్నయ్య రాస్తాడు, అప్పుడు మీ మాటకి బలం పోతుంది. ముందే మీరు రాసి, తీసెయ్యండి. నా అంచనాలో అద్దె తీసేసినా వాళ్ళే మీకు బాకీ ఉంటారు, చూడండి మీరే. గడిచిన ఆరేళ్ళ సంగతి అంటారా, అడగొచ్చు, ఇస్తారన్న గ్యారంటీ లేదు, దానికోసం పట్టుబడితే ముందు నెలల డబ్బు కూడా ఆగిపోయే ప్రమాదం ఉంది. ఏది ముఖ్యమో మీకే తెలుసు.

ఇక దారులు. ఇప్పుడే పంచేసుకోవచ్చు, నాన్నగారు ఉండగానే, ఆయన చేతుల మీదుగా. గొడవ ఇప్పుడే అయిపోతుంది, కానీ కౌలు డబ్బులు ఆయన చేతిలోంచి పోతాయి, 78 ఏళ్ళాయన మందులకి కొడుకుల ఫోన్‌పే కోసం చూసే పరిస్థితి రాకూడదు. అందుకే ఆయన 60 సెంట్లు ఆయన పేరున ఉంచమంటాను, ఉమ్మడిది కాదని తేలినా సరే కొంత ఉంచుకోమనే అంటాను. ఇల్లు గనక ఎవరికైనా గిఫ్ట్‌గా రాస్తే, అమ్మానాన్నల్ని చూసుకోవాలి అన్న షరతు అందులో రాయించండి, అలా ఉంటే 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు లేని గిఫ్ట్ డీడ్లతో ఆఫీసుల చుట్టూ తిరిగే ముసలివాళ్ళని నేను చాలామందిని చూశా.

లేదూ, ఇప్పుడు ఏమీ వద్దు, నాన్నగారు తన సొంత భాగానికి వీలునామా రాసి రిజిస్టర్ చేయిస్తారు అనుకోవచ్చు. ఆయనకి పట్టు ఉంటుంది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అదే దాని ఇబ్బంది కూడా, మార్చుకోవచ్చు అన్న సంగతి అందరికీ తెలుసు కాబట్టి పండక్కి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆయన చెవిలో ఏదో ఒకటి ఊదుతారు. పైగా ఆయన మీతోనే ఉంటున్నారు, వీలునామా మీకు అనుకూలంగా ఉంటే మీరే రాయించారంటారు. సాక్షులుగా మీ ఇంటివాళ్ళు కాకుండా బయటివాళ్ళని పెట్టాలి.

ఇంటికి మాత్రం అమ్మి మూడు చేసుకోవడం తప్ప ఇంకో దారి లేదనుకోకండి. ఇందాక చెప్పిన క్నాస్టర్ పద్ధతి ఇక్కడ బాగుంటుంది, నాన్నగారికి కూడా నచ్చుతుంది. ముగ్గురూ విడివిడిగా కవర్లలో, ఆ ఇల్లు తమకి ఎంత విలువో రాస్తారు. ఉదాహరణకి మీరు 60 లక్షలు, అన్నయ్య 48, తమ్ముడు 45 రాశారనుకోండి. ఎక్కువ రాసినవాళ్ళకి ఇల్లు, అంటే మీకు. ఎవరు రాసిన దాంట్లో మూడో వంతు వాళ్ళ న్యాయమైన వాటా, మీది 20, అన్నయ్యది 16, తమ్ముడిది 15. మీరు 60 ఇల్లు తీసుకున్నారు కాబట్టి 40 మధ్యలో పెట్టాలి, అందులోంచి అన్నయ్య 16, తమ్ముడు 15 తీసుకుంటే ఇంకా 9 మిగుల్తుంది, అది తలా 3. చివరికి మీరు కట్టేది 37, అన్నయ్యకి 19, తమ్ముడికి 18. తమాషా ఏంటంటే ప్రతి ఒక్కరికీ తాము అనుకున్న వాటా కన్నా 3 లక్షలు ఎక్కువే వచ్చింది. మరి ఇబ్బంది? మీ దగ్గర 37 లక్షలు ఉండాలి, లేదా పొలంలో మీ వాటా వాళ్ళకిచ్చి సరిపెట్టుకోవాలి. మీకు ఆ ఇల్లు ఎంత కావాలో వాళ్ళకి తెలిస్తే కావాలని తమ అంకె పెంచి రాసే వీలు కూడా ఉంది, కాబట్టి కవర్లు తెరిచేదాకా మేడ మీద రంగులు వేయించే ప్లాన్లు ఎవరికీ చెప్పకండి. అమ్మానాన్నలు ఉన్నంతకాలం ఆ ఇంట్లోనే ఉంటారు అని ముందే రాసుకున్నాకే ఈ కవర్ల పని.

ఇంకో దారి కూడా మీ మనసులో ఉందని చివరి పేజీ చూస్తే తెలుస్తోంది, హక్కు వదిలేసి సంతకం పెట్టేస్తా, అన్నయ్యా తమ్ముడూ మిగుల్తారు అని. పెట్టొద్దని నేను అనను, మీ ఇష్టం. కానీ సంతకం పెట్టి కూడా ఆ బాధ లోపలే ఉంటే, ఆస్తీ పోతుంది, రాఖీ కట్టేటప్పుడు మొహం చూడబుద్ధీ కాదు. అలా అయినవాళ్ళు నాకు రాసిన ఉత్తరాలు ఒక కట్ట ఉంది.

మూడో లెక్క మీద ఎక్కువ చెప్పలేను. "కుదిరింది" అన్న మాట మిమ్మల్ని ఎకరాల కన్నా ఎక్కువ కోసింది, అది నాలుగు పేజీల్లో మూడుసార్లు వచ్చింది. దానికి వాటాల్లో పరిహారం దొరకదు. అన్నయ్యతో విడిగా, ఎక్సెల్ లేనప్పుడు, వదిన కూడా పక్కన లేనప్పుడు చెప్పండి, ఆ మాట నన్ను బాధపెట్టింది అని, అంతే, వాదన వద్దు. ఇంకా బాగుండేది ఏంటంటే, ఏడాదికి ఒక నెల అమ్మని వాళ్ళింట్లో పెట్టుకోమనడం, లేదా ఆయనే వచ్చి పదిహేను రోజులు ఉండడం. ఉష్ణోగ్రత మారితే సమతాస్థితి ఎటు జరుగుతుందో మీరు పిల్లలకి చెప్తారుగా, రాత్రి రెండింటికి అమ్మని పక్కకి తిప్పిన మనిషి ఎటు జరుగుతాడో చూడండి. ఒప్పుకోకపోతే ఆ పదిహేను రోజుల ఆయా జీతం ఆయన లెక్కలోకి.

పెద్దమనుషుల్ని పిలవాలా అని అడిగారు. పిలవొచ్చు, ఉత్ప్రేరకం లాగా పని తొందరగా అవుతుంది, ఫలితం మాత్రం మీరు ముగ్గురూ ఒప్పుకునేదే అవ్వాలి, మేనమామగారు ఎవరివైపో ముందే తెలిసిపోయింది కాబట్టి ఆయన వద్దు.

తమ్ముడు వచ్చే నెల వస్తున్నాడన్నారు. ఈలోపు పొలానికి ఈసీ, అంటే దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం, తీయించండి, రెవెన్యూ రికార్డుల్లో అడంగల్, వన్‌బీ చూసుకోండి, తాతగారి మరణ ధ్రువపత్రం వెతకండి, ఇవి పట్టుకుని తెనాలిలోనో గుంటూరులోనో సివిల్ కేసులు చూసే లాయర్ దగ్గర ఒక గంట కూర్చోండి. ఉమ్మడిదో కాదో తేలాక నాన్నగారి దగ్గర ఆ కేలండర్ కాగితం అడిగి తీసుకుని, కింద 3 పెట్టాలా 4 పెట్టాలా అని ఆయన్నే అడగండి. లెక్కల మాస్టారు కదా, హారం తప్పు పడితే దిద్దకుండా ఉండలేరు.